ట్రిబ్యునల్ తిడితే షేరు పెరుగును

గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొనేవాణ్ణి బురిడీ కొట్టించడం అంత తేలిక కాదు. టిక్కీ కోసి గుప్పెడు కాయ బయటికి తీస్తాడు. తొడిమ విరుస్తాడు, చెవి దగ్గర గలగలలాడిస్తాడు, తేమ ఎంతుందో నోటితోనే చెప్పేస్తాడు. పైన తేజ పరిచి అడుగున తాలు నింపిన బస్తా సంగతి దాని ముందు నిలబడగానే పసిగడతాడు. కిలో తరుగు కోసం అరగంట వాదిస్తాడు. అదే మనిషి మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఏసీ కింద కాళ్లు చాపుకుని, వాట్సాప్‌లో వచ్చిన మెసేజీ ఒకటి చూసి, రెండు లక్షలు పెట్టి మైనింగ్ కంపెనీ షేర్లు కొంటాడు. గని ఎక్కడుంది? తెలీదు. తవ్వేదేంటి? సరిగ్గా తెలీదు. పర్యావరణ అనుమతి ఉందా? "అయ్యన్నీ మనకెందుకు బాబాయ్, చార్టు బ్రహ్మాండంగా ఉంది."

ఈ తెగువకు మనం ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వడం లేదని నా బాధ. కారంపూడిలో పల్నాటి వీరులకు ఏటా ఉత్సవం చేస్తాం. కత్తి పట్టుకుని, ఎదుటివాడు ఎవరో తెలిసి యుద్ధానికి దిగినవాడు వీరుడైతే, కళ్లు మూసుకుని డీమ్యాట్ ఖాతాతో దిగినవాణ్ణి ఏమనాలి? నర్సరావుపేట నుంచి చిలకలూరిపేట దాకా, ఒంగోలు నుంచి అద్దంకి దాకా ఇలాంటి వీరులు వీధికి పదిమంది ఉన్నారు. ఒక్క శిలాఫలకం లేదు.

వాళ్ల తర్కం కాదనలేనిది కూడా. మిరపకు నల్ల తామర పురుగు వచ్చింది. పత్తికి తెల్లదోమ పోయి గులాబీరంగు పురుగు వచ్చింది. రెండూ గట్టెక్కి సరుకు యార్డుకు చేరితే ధర కూలింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆలోచించి ఆలోచించి మిర్చి క్వింటాలుకు 11,781 రూపాయలని లెక్క కట్టింది. అది విన్న రైతుకు కోత కూలీ గుర్తొచ్చి కళ్లు తిరిగాయి. నేల మీద పండించేవాడికి ఏమీ మిగలనప్పుడు, నేల కింద తవ్వుకునేవాడి దగ్గర వాటా కొనుక్కోవడమే తెలివి అనుకున్నాడు. గనికి పట్టే పురుగు ఒక్కటే, కోర్టు కేసు. దాని మందు ఏ షాపులో దొరుకుతుందో ఈ రాష్ట్రంలో అందరికీ తెలుసు.

మన వీరులు మోజుపడ్డ షేర్లలో జేపీ పవర్ ఒకటి. పూర్తి పేరు జైప్రకాశ్ పవర్ వెంచర్స్. పేరుకు తగ్గట్టు కరెంటు కంపెనీ. మధ్యప్రదేశ్‌లో నిగ్రీ, బీనా థర్మల్ కేంద్రాలు, ఉత్తరాఖండ్‌లో విష్ణుప్రయాగ జలవిద్యుత్ కేంద్రం దానివి. 2021లో ఈ కరెంటు కంపెనీకి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఇసుకంతా అప్పజెప్పారు. రాష్ట్రాన్ని మూడు ప్యాకేజీలుగా కోసి టెండరు పిలిస్తే మూడూ దానికే వచ్చాయి. ఏడాదికి రెండు కోట్ల టన్నులు తవ్వాలి, ప్రభుత్వానికి 765 కోట్లు కట్టాలి. జనానికి టన్ను 475 రూపాయలు, అందులో 375 సర్కారువి. బొగ్గు కాల్చేవాడికి కృష్ణ ఒడ్డున ఏం పనని ఎవరో అమాయకుడు అడిగితే, మన డీమ్యాట్ వీరుడు 'డైవర్సిఫికేషన్' అని ఒకే ఒక్క మాటతో వాడి నోరు మూయించాడు.

కాయితం మీద చూస్తే ఇసుక తవ్వడమంత నిష్ఠగా చేసే పని ఇంకోటి కనపడదు. జిల్లా సర్వే నివేదిక ఉండాలి. రాష్ట్ర పర్యావరణ ప్రభావ మదింపు సంస్థ అనుమతి ఉండాలి. కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి ఉండాలి. అనుమతిలో రాసిన లోతు దాటకూడదు. మనుషులు తట్టలతో ఎత్తాలన్నచోట పొక్లెయిన్ దింపకూడదు. ఏటి ప్రవాహానికి అడ్డంగా బాట వేయకూడదు. వేబిల్లు లేకుండా లారీ కదలకూడదు. అన్నీ చదివాక నాకు ఏటి మీద కాదు, లారీ డ్రైవరు మీద జాలి వేసింది.

ఐదు హెక్టార్ల లోపు గనులకు అనుమతే అక్కర్లేదని ఒకప్పుడు అనుకునేవారు. అందుకని దేశంలో నదులన్నీ నాలుగు పాయింట్ తొమ్మిది హెక్టార్ల ముక్కలుగా పుట్టడం మొదలుపెట్టాయి. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ ముక్కల విద్యను పట్టేసింది, ఎంత చిన్న లీజుకైనా అనుమతి తప్పదంది. ఆ తీర్పు కృష్ణా నది దాకా వచ్చిందో లేదో గానీ, అమరావతి మండలంలో రాత్రిపూట ఇసుక రీచ్‌లోకి దిగే లారీలు మాత్రం దానికోసం ఎదురుచూస్తూ ఆగలేదు.

ఇదంతా ఒక పార్టీ ఘనత అనుకుంటే రెండో పార్టీకి అన్యాయం చేసినట్టే. ఉచిత ఇసుక పేరుతో తెలుగుదేశం ప్రభుత్వం నడుస్తున్న రోజుల్లోనే, 2019 ఏప్రిల్‌లో, కృష్ణలో అడ్డూ ఆపూ లేని తవ్వకాల మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్రాన్ని 100 కోట్లు మధ్యంతర పరిహారంగా కట్టమంది. ఆ తవ్వకాలు జరిగినచోటు అప్పటి ముఖ్యమంత్రి ఇంటికి ఎంతో దూరం లేదు. తర్వాత వచ్చిన వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం ఇసుక మాఫియాను అంతం చేస్తామంది. మాట నిలబెట్టుకుంది కూడా. ముందు ఇసుకే దొరక్కుండా చేసింది. పనుల్లేక భవన నిర్మాణ కార్మికులు ఉసురు తీసుకున్న 2019 నాటి రోజులు మంగళగిరి, తెనాలి తాపీ మేస్త్రీలకు ఇంకా గుర్తే. ఆ తర్వాత చిల్లర వ్యాపారాన్ని ఎత్తేసి హోల్‌సేల్‌కు ఇచ్చేసింది. పేరు జేపీ పవర్‌ది, సబ్ కాంట్రాక్టు ఇంకొకరిది, తవ్వకం మూడోవాళ్లది, గుంత మాత్రం మనది.

ఒప్పందం మొదలైన వేసవి దాటి వరద వచ్చింది. 2021 ఆగస్టు 14 తెల్లవారేసరికి చెవిటికల్లు దగ్గర కృష్ణ నడుమ వందకు పైగా ఇసుక లారీలు నీళ్లలో చిక్కుకుని నిలబడ్డాయి. అవతలి ఒడ్డు అప్పట్లో మన గుంటూరు జిల్లాదే. ఎగువన పులిచింతల నుంచి నీళ్లు వదులుతారని ఒడ్డున గేదెలు మేపుకునే పిల్లాడికి కూడా తెలుసు. నదిలో అన్ని లారీలు నడవడానికి బాట ఎవరు వేశారు, ఆ బాట ఏ అనుమతిలో ఉంది అని ఆ ఉదయం అడగాల్సిన ప్రశ్న. టీవీలు డ్రైవర్లను పడవల్లో ఒడ్డుకు చేర్చడం చూపించాయి, అది మంచి పనే. ప్రశ్న మాత్రం లారీలతోపాటు నీళ్లలోనే ఉండిపోయింది. షేరుహోల్డర్లకు ఆ బొమ్మను వార్షిక నివేదిక అట్టమీద వేసి ఇచ్చి ఉంటే బాగుండేది. రిస్క్ అంటే ఏంటో ఒక్క ఫొటోలో తేలిపోయేది.

ఇక అసలు కథకు వద్దాం. అమరావతి పక్కన ధరణికోట నుంచి ఒకాయన ట్రిబ్యునల్ మెట్లెక్కాడు. ఆయన వెనక పార్టీ ఉందా, పంతం ఉందా అని చర్చలు నడిచాయి. గుంత ఎంత లోతుందో కొలిచి చూడటం కన్నా ఆ చర్చ సుఖం. 2023 మార్చిలో హరిత ట్రిబ్యునల్ ఉత్తర్వు ఇచ్చింది. ఆ వెనకే రాష్ట్రంలో 110 రీచ్‌లలో తవ్వకం ఆపాల్సి వచ్చింది. ట్రిబ్యునల్ చిత్తూరు వైపు అరణియార్ ఏట్లో జరిగిన తవ్వకాలకు గాను జేపీ పవర్‌కు 18 కోట్ల పరిహారం వేసింది. దేశంలో ఒక కంపెనీ ఇసుక మీద ఇంత పెద్ద దెబ్బ తినడం తరచూ జరిగేది కాదు. ఆ రోజు మన వీరులు ఎంత కంగారుపడి ఉంటారో అని మీరు అనుకుంటున్నారు.

ఎవరూ పడలేదు. ఆ కంపెనీకి ఉన్న షేర్లు దాదాపు 685 కోట్లు. 18 కోట్లను వాటికి పంచితే షేరుకు మూడు పైసలు కూడా రావు. ఉత్తర్వు వచ్చిన నాడు ఆరు రూపాయల చుట్టూ తిరుగుతున్న షేరు, ఏడాది గడిచేసరికి రెట్టింపు దాటి ఎక్కడికో వెళ్లింది. దానికి కారణం ఇసుక కాదు, ట్రిబ్యునల్ అంతకంటే కాదు. అప్పులు తగ్గాయి, దేశంలో కరెంటు గిరాకీ పెరిగింది, కరెంటు షేర్లన్నీ పెరిగాయి, ఇదీ పెరిగింది. 2020 మార్చిలో రూపాయి కూడా పలకని షేరు ఇది. అయితే ఏం, కోల్డ్ స్టోరేజీలో ఏసీ కింద ఒక కొత్త శాస్త్రం పుట్టింది. "చూశావా అన్నాయ్, ట్రిబ్యునల్ తిట్టినప్పుడు కొన్నోడే మొగోడు." పర్యావరణ ఉల్లంఘన అనేది ఆషాఢం డిస్కౌంటు లాంటిదని, కోర్టు నోటీసు వచ్చినప్పుడు సంచీ పట్టుకుని వెళ్లాలని, ఆ శాస్త్ర సారాంశం. ఒకసారి లాభం వచ్చినవాడికి బుద్ధి చెప్పడం బ్రహ్మ తరం కూడా కాదు.

ఇసుక ఒప్పందం రెండేళ్లకు. 2023 మేలో గడువు తీరింది. తవ్వకానికి గడువు లేదు. జిల్లాల నుంచి వెళ్లిన నివేదికల్లో అక్రమ తవ్వకాల ఊసే లేదు. వాటిని చదివినవాడికి మన కృష్ణ ఒడ్డున కొంగలు తప్ప ఏవీ వాలవేమో అనిపిస్తుంది. 2024 మొదట్లో కేంద్ర పర్యావరణ శాఖ బృందం వచ్చి పల్నాడు, గుంటూరు జిల్లాల్లో అదే ఒడ్డున నిలబడి చూస్తే యంత్రాలతో తవ్విన ఆనవాళ్లు కనిపించాయి. కలెక్టరేటు కిటికీలోంచి కనపడనిది ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లకు కనపడింది. మన అధికారులకు దూరపు చూపు బాగానే ఉంది, దగ్గరి చూపుకే కళ్లజోడు కావాలి. 2024 మేలో సుప్రీంకోర్టు అక్రమ తవ్వకాలు వెంటనే ఆపమని రాష్ట్రానికి చెప్పింది. ఆ నెల 13న పోలింగ్. జూన్‌లో ప్రభుత్వం మారింది. జులై 8న మళ్లీ ఉచిత ఇసుక వచ్చింది. ఇసుక ఉచితం, ఎత్తడానికి, మోయడానికి, రసీదుకు మాత్రమే డబ్బులు. సెప్టెంబరులో గనుల శాఖ మాజీ డైరెక్టరును టెండర్ల వ్యవహారంలో ఏసీబీ అరెస్టు చేసింది. ఆరోపణలు నిజమో కాదో కోర్టులో తేలాలి. గుంత నిజమని మాత్రం కోర్టుకు వెళ్లకుండానే చెప్పొచ్చు.

ఇంత జరిగినా నష్టం ఎవరికీ రాలేదనుకోవద్దు. వచ్చింది. డీమ్యాట్ ఖాతా లేనివాళ్లకు వచ్చింది. ఏటి ఇసుక నీళ్లను పట్టి ఉంచే పరుపు. అది లేచిపోతే ఒడ్డున బోరు ఇంకాస్త కిందికి దింపాలి. దింపుడు ఖర్చు మిరపతోట వేసినవాడిది. లంక భూమి ఒరిసి ఏట్లో కలిసిపోతే పాసుపుస్తకంలో ఎకరాలు మాత్రం అలాగే ఉంటాయి. లారీల కింద పంచాయతీ రోడ్డు పిండి అయితే పత్తి బండి గుంతల్లో దిగబడుతుంది. వేసవి సెలవుల్లో ఈతకు దిగిన పిల్లలు, నిన్న మోకాటి లోతు ఉన్నచోట ఇవాళ రెండు నిలువుల నీళ్లు ఉన్నాయని తెలియక మునిగిపోతారు. పేపర్లో జిల్లా పేజీలో ఒక కాలమ్ వార్త వస్తుంది. వీటిల్లో ఏ ఒక్కటీ కంపెనీ త్రైమాసిక ఫలితాల్లో ఖర్చు కింద రాయరు. రిస్క్ తీసుకున్నది తానేనని మన వీరుడు చెప్పుకుంటాడు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. రిస్క్ తీసుకున్నది ఒడ్డున ఉన్నవాడు. వాణ్ణి అడిగి కాదు.

తవ్వితేనే కదా ఈ తలనొప్పులు, తవ్వకుండా లాభం తెచ్చుకునే దారి లేదా అంటే పల్నాడులో ఒక పాఠశాల ఉంది. మాచవరం, దాచేపల్లి మండలాల సున్నపురాయి నేలల్లో సరస్వతీ పవర్ అండ్ ఇండస్ట్రీస్‌కు 2009లో ఆరువందల హెక్టార్లకు పైగా గని లీజు ఇచ్చారు. కంపెనీ వైఎస్ కుటుంబానిది. సిమెంటు ఫ్యాక్టరీ వస్తుంది, ఉద్యోగాలొస్తాయని రైతుల దగ్గర భూములు కొన్నారు. 2014లో ఒక ప్రభుత్వం లీజు రద్దు చేసింది, 2019లో ఇంకో ప్రభుత్వం తిరిగి ఇచ్చింది. ఇన్నేళ్లలో అక్కడి నుంచి ఒక్క బస్తా సిమెంటు బయటికి రాలేదు. అయినా ఆ కంపెనీ షేర్ల కోసం 2024లో కొడుకు తల్లి మీద, అన్న చెల్లెలి మీద కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లారు. బస్తా సిమెంటు చేయని కంపెనీ షేరు కోసం కన్నతల్లి మీదా తోడబుట్టినదాని మీదా కోర్టుకెక్కారంటే, ఆ షేరు విలువ సిమెంటులో లేదు, ఎవరు కుర్చీలో ఉంటారన్నదాంట్లో ఉంది. ఇది మార్కెట్లో దొరకని షేరు కాబట్టి మన వీరులు బతికిపోయారు.

ప్రకాశం జిల్లా వాళ్లు తమను వదిలేశానని చిన్నబుచ్చుకోవద్దు. చీమకుర్తి నల్లరాయిలో బంగారు చుక్కలు మెరుస్తాయి. గెలాక్సీ గ్రానైట్ అని లోకమంతా కొంటుంది. ఎవరింట్లోనో వంటగట్టు అవుతుంది, ఎక్కడో సమాధి రాయి అవుతుంది. చీమకుర్తిలో మిగిలేది పాతాళం లాంటి క్వారీ గుంత, కొండంత రాళ్ల గుట్ట, చేల మీద తెల్లటి దుమ్ము. ఆ గ్రానైట్ తవ్వే పెద్ద కంపెనీల్లో ఒకటైన మిడ్‌వెస్ట్ 2025 అక్టోబరు 15న పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. ధర 1,014 నుంచి 1,065 రూపాయలు, మొత్తం 451 కోట్లు. ఆ కంపెనీ తప్పు చేసిందని నేను అనడం లేదు, నా ఫిర్యాదు కొన్నవాడి మీద. ఇష్యూకు వచ్చే ప్రతి కంపెనీ వందల పేజీల పత్రం ఇస్తుంది. లీజులు ఎప్పటిదాకా ఉన్నాయి, ఏ అనుమతులు రావాల్సి ఉన్నాయి, ఏ కేసులు నడుస్తున్నాయి అన్నీ అందులో రాయాలని సెబీ నిబంధన. రిస్కుల పట్టీ ముందు పేజీల్లోనే ఉంటుంది. ఒంగోలులో ఎంతమంది దాన్ని తెరిచి చూశారు? గ్రే మార్కెట్ ప్రీమియం ఎంతో అందరికీ తెలుసు. చీమకుర్తికి ఒంగోలు నుంచి బస్సులో గంట లోపే. వెళ్లి చూసొచ్చినవాడు ఒక్కడు కూడా నాకు తగల్లేదు.

కోర్టులంటే భయం లేనివాళ్లకు ఒక్క విషయం చెబుతాను, వాళ్ల డబ్బు మీద ప్రేమతోనే. 2017 ఆగస్టులో ఒడిశా ఇనుప గనుల కేసులో, కామన్ కాజ్ తీర్పులో, సుప్రీంకోర్టు ఏమందో తెలుసా? పర్యావరణ అనుమతి లేకుండా, లేదా అనుమతి మించి తవ్వితే, తవ్విన ఖనిజం విలువ నూటికి నూరూ వసూలు చేయాలంది. లాభంలో వాటా కాదు, జరిమానా కాదు, మొత్తం సరుకు విలువ. కూలీలు, డీజిలు, రాయల్టీ అన్నీ కట్టేసి అమ్ముకున్నాక కూడా మొత్తం వెనక్కి కక్కాలి. అలాంటి డిమాండు వస్తే కంపెనీ లెక్కల్లో అప్పుగా వెంటనే కనపడదు. 'సంభావ్య బాధ్యతలు' అని వెనక పేజీల్లో చీమ తలకాయంత అక్షరాల్లో కూర్చుని ఉంటుంది. తాలుకాయ బస్తా అడుగునే ఉంటుందని తెలిసినవాడికి ఇది నేను నేర్పాలా?

న్యాయం ఎప్పుడూ ఒకే దిక్కుకు నడుస్తుందని కూడా నమ్మకండి. ముందు కట్టేసి, తవ్వేసి, తర్వాత అనుమతి తెచ్చుకునే పద్ధతి చెల్లదని 2025 మే 16న వనశక్తి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పర్యావరణవాదులు స్వీట్లు పంచుకున్నారు. నవంబరు 18న అదే కోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. ఈసారి స్వీట్లు పంచుకున్నది అవతలివాళ్లు. స్వీట్ల కొట్టు యజమాని మాత్రం రెండుసార్లూ లాభపడ్డాడు. మైనింగ్ షేర్లలో నికరంగా సంపాదించేది అలాంటివాళ్లే, కొన్నప్పుడూ అమ్మినప్పుడూ కమీషన్ పట్టుకునే బ్రోకరు, వాయిదా వాయిదాకూ ఫీజు తీసుకునే వకీలు.

మైనింగ్ షేరు కొనొద్దని నేను చెప్పను. ఇళ్లు కట్టాలంటే ఇసుక కావాలి, సిమెంటు కావాలి, తవ్వకం లేకుండా బతకలేం. కానీ ఈసారి టిప్పు చెప్పడానికి ఎవరన్నా వస్తే, చార్టు చూసే ముందు ఆ గని ఏ మండలంలో ఉందో అడగండి. కేంద్ర పర్యావరణ శాఖకు పరివేష్ అనే పోర్టల్ ఉంది, పైసా ఖర్చు లేదు. కంపెనీ పేరు కొట్టి అనుమతి ఏ తేదీన వచ్చింది, ఎంత తవ్వమన్నారు, ఏ షరతులు పెట్టారు చూడండి. కంపెనీ వార్షిక నివేదికలో కేసుల పేజీ ఒక్కటి చదవండి. ఆ మండలంలో మీకు చుట్టమో, మీ దగ్గర సరుకు వేసే రైతో ఉండే ఉంటాడు, అతనికి ఒక ఫోను చెయ్యండి. బస్తాకు పెట్టే అరగంట చాలు.